బాస్ బోట్ ఫుల్ థ్రాటిల్‌లో 4650 ఆర్‌పీఎం దాటట్లేదు, స్పీడు 41. తప్పు ప్రాప్‌దా, ఇంజిన్‌దా?

లూయిస్‌విల్_గాలం

అందరికీ నమస్తే. డాలస్ దగ్గర లూయిస్‌విల్ లేక్‌లో నడుపుతున్న బోట్ ఇది. బాస్ చేపలు పట్టే 18 అడుగుల ఫైబర్‌గ్లాస్ బోట్, సెకండ్ హ్యాండ్. వెనక మెర్క్యురీ 150 ఫోర్‌స్ట్రోక్, 3.0 లీటర్ల నాలుగు సిలిండర్లది. గేర్ రేషియో 1.92. ప్రాప్ (ప్రొపెల్లర్) మూడు రెక్కల స్టెయిన్‌లెస్, మీద 21 పిచ్ (ఒక చుట్టుకి ముందుకెళ్లాల్సిన అంగుళాలు) అని కొట్టి ఉంది. జాక్ ప్లేట్ (ఇంజిన్‌ని పైకీ కిందకీ జరిపే బ్రాకెట్) లేదు, ఇంజిన్ నేరుగా ట్రాన్సమ్‌కే (బోటు వెనక గోడకే) బోల్టులతో బిగించి ఉంది.

మాన్యువల్‌లో ఫుల్ థ్రాటిల్ రేంజ్ 5000 నుంచి 5800 ఆర్‌పీఎం (నిమిషానికి తిరిగే చుట్లు) అని ఉంది. లీవర్ మొత్తం తోసినా 4650 దగ్గర ఆగిపోతోంది. జీపీఎస్‌లో గంటకి 41 మైళ్లు. ఇద్దరు మనుషులు, సగం ట్యాంకు పెట్రోలు, గాలి లేని పొద్దున చూసిన అంకెలు ఇవి. పాత ఓనరు ఇదే ప్రాప్‌తో 5500, 51 మైళ్లు వచ్చేదని చెప్పాడు. అలారం మోగట్లేదు, ఫాల్ట్ ఏదీ చూపించట్లేదు, ఐడిల్ బాగానే ఉంది. ప్లేనింగ్‌లోకి (నీటిపైకి లేచి తేలుతూ పరుగెత్తే స్థితికి) రావడానికి మాత్రం చాలాసేపు ముక్కు పైకెత్తుకునే ఉంటోంది.

19 పిచ్ ప్రాప్ కొంటే సరిపోతుందా, ఇంజిన్ ఎవరికైనా చూపించాలా? స్టెయిన్‌లెస్ ప్రాప్ అంటే చిన్న ఖర్చు కాదు, అందుకే కొనే ముందు అడుగుతున్నా.

హ్యూస్టన్_హుక్

సింపుల్ బ్రో. పిచ్ ఒక అంగుళం తగ్గిస్తే 150 నుంచి 200 ఆర్‌పీఎం పెరుగుతుంది. 5200 కావాలంటే 21 నుంచి 18కి దిగాలి. రేంజ్ కింద ఫుల్ థ్రాటిల్‌లో లాగించొద్దు, అది టాప్ గేర్‌లో ఘాట్ రోడ్డు ఎక్కించినట్టే. సిలిండర్లలో వేడి పెరుగుతుంది, నాకింగ్ వస్తుంది, పిస్టన్లు దెబ్బతింటాయి. ముందు ప్రాప్ మార్చు, తర్వాత మిగతావి చూసుకోవచ్చు.

రెక్కల_లెక్క

హుక్ గారి 150-200 లెక్క కరెక్టే, రేంజ్ కింద లాగించొద్దన్న మాటా కరెక్టే. కానీ ఈ కేసులో పిచ్ తగ్గిస్తే అసలు తప్పు కప్పబడిపోతుంది. ఇదే ఇంజిన్ ఇదే ప్రాప్‌ని 5500 తిప్పిన మాట నిజమైతే, మధ్యలో ఏదో మారింది. 18 పిచ్ వేస్తే గేజ్ మీద 5200 కనిపిస్తుంది, స్పీడు 41 దగ్గరే ఉంటుంది, చెడింది చెడినట్టే ఉంటుంది. రేపు అది బాగుపడ్డ రోజున ఆ 18 పిచ్ ప్రాప్‌తో ఇంజిన్ రెవ్ లిమిటర్‌కి (ఆర్‌పీఎం హద్దు దాటనివ్వని ఏర్పాటుకి) కొట్టుకుంటుంది.

ముందు స్లిప్ లెక్క వేయండి, అంటే ప్రాప్ నీళ్లలో ఎంత శాతం జారుతోందో. ఆర్‌పీఎంని గేర్ రేషియోతో భాగించి, పిచ్‌తో గుణించి, 1056తో భాగించాలి. ప్రాప్ నీళ్లలో ఏమాత్రం జారకుండా ముందుకెళ్తే వచ్చే స్పీడు అది, మైళ్లలో. 1056 ఎక్కడిదంటే, మైలుకి 63,360 అంగుళాలు, దాన్ని 60 నిమిషాలతో భాగిస్తే వచ్చేది.

మీ అంకెలు: 4650 ÷ 1.92 = 2422. దాన్ని 21తో గుణించి 1056తో భాగిస్తే 48.2. వచ్చింది 41, అంటే స్లిప్ 15 శాతం. పాత ఓనరు చెప్పినవి వేస్తే: 5500కి రావాల్సింది 57, వచ్చింది 51, స్లిప్ 10.5 శాతం. బాస్ బోట్‌కి ఇది నమ్మదగ్గ అంకె, కాబట్టి ఆయన గాలిలోంచి చెప్పినట్టు లేదు.

ప్రాప్ హబ్ (ప్రాప్ మధ్యలో షాఫ్ట్‌ని పట్టుకునే భాగం) జారుతున్నా, రెక్కలు గాలి పీల్చుతున్నా ఆర్‌పీఎం పైకి పోతుంది, స్పీడు పడిపోతుంది, స్లిప్ 25, 30 శాతం దాటుతుంది. మీది అలా లేదు. ఆర్‌పీఎం, స్పీడు రెండూ కలిసి పడ్డాయి. ప్రాప్ నీటిని పట్టుకుంటోంది, దాన్ని తిప్పే బలం చాలట్లేదు. లేదా తోయాల్సిన బరువు పెరిగింది. రెండూ ఒకేసారి అయి ఉండొచ్చు కూడా. స్లిప్ 10 నుంచి 15కి ఎందుకు పెరిగిందంటే, బోటు పైకి లేచి ప్యాడ్ (అడుగున వెనక ఉండే చదును భాగం) మీద నడవకుండా పొట్టతో నీళ్లు దున్నుతోంది కాబట్టి.

అయితే ఆ 21ని గుడ్డిగా నమ్మకండి. ప్రాప్ షాపుకి వెళ్లొచ్చిన ప్రాప్ మీద అచ్చు అలాగే ఉంటుంది, పిచ్ మారిపోయి ఉండొచ్చు. రెక్క వెనక అంచు మీద వేలు పెట్టి చూడండి, లోపలికి వంగిన పెదవిలా తగులుతుంది. అదే కప్. రిపేర్‌లో కప్ ఎక్కువ పెడితే దాదాపు ఒక అంగుళం పిచ్ పెంచినంత బరువు ఇంజిన్ మీద పడుతుంది. మూడు రెక్కలకీ ఒకేలా తగులుతోందా అన్నది కూడా చూడండి.

ఇంకో ప్రాప్ అరువు దొరికితే లెక్క ఇంకా తేలిక. 19 పిచ్‌ది వేసి చూడండి. 300 నుంచి 400 పెరిగితే మీ 21 నిజంగా 21కి దగ్గరలోనే ఉంది, ప్రాప్ మీద అనుమానం వదిలేయొచ్చు. 600, 700 పెరిగితే మాత్రం మీ 21 పేరుకే 21.

ప్రాప్ విప్పినప్పుడు షాఫ్ట్ మీద థ్రస్ట్ వాషర్ వెనక చూడండి. బ్రెయిడ్ (అల్లిన గాలం) దారం చుట్టుకుని ఉంటే అది సీల్‌ని కోస్తుంది. కింద డ్రెయిన్ స్క్రూ కొద్దిగా వదులు చేసి చూడండి, గేర్ ఆయిల్ పాలలా తెల్లగా వస్తే నీళ్లు చేరినట్టు. దానికీ 4650కీ సంబంధం లేదు గానీ, విప్పినప్పుడే చూడటం మంచిది.

విప్పే ముందు తాళం తీసేయండి, లాన్యార్డ్ (ఇంజిన్ ఆపే సేఫ్టీ తాడు) లాగేయండి. రెక్కకీ దాని పైనున్న యాంటీ వెంటిలేషన్ ప్లేట్‌కీ మధ్య చెక్క దిమ్మ పెట్టి నట్టు తిప్పండి, చెయ్యి అడ్డం పెట్టొద్దు.

కౌలింగ్_తీసి_చూడు

లెక్క గారు ప్రాప్ వైపు చెప్పారు కాబట్టి ఇంజిన్ వైపు నేను చెప్తా. ఖర్చు లేనివి ముందు.

టాకోమీటర్ నిజమే చెప్తోందా? అనలాగ్ గేజ్ వెనక పోల్ సెట్టింగ్ నాబ్ ఉంటుంది, అది ఒక గీత జరిగినా అంకె మొత్తం తప్పుతుంది. మీ ఫిష్‌ఫైండర్‌కి ఎన్ఎంఈఏ 2000 (బోటు పరికరాలను కలిపే నెట్‌వర్క్) కనెక్షన్ ఉంటే ఇంజిన్ కంప్యూటర్ పంపే ఆర్‌పీఎం స్క్రీన్ మీదే వస్తుంది. రెండూ పోల్చండి. స్పీడుకి జీపీఎస్ వాడారు, మంచిది. నీటి ఒత్తిడితో నడిచే పాత స్పీడోమీటర్ అయితే గొట్టంలో నాచు చేరి ఏదో ఒక అంకె చూపిస్తుంది.

అలారం మోగలేదన్నారు. అసలు హారన్ పని చేస్తోందా? కీ ఆన్ చేసిన వెంటనే ఒకసారి బీప్ అనాలి. అనకపోతే హారన్ పోయింది. ఇంజిన్ వేడెక్కో, ఆయిల్ ప్రెషర్ తగ్గో, వోల్టేజి పడో గార్డియన్ సిస్టమ్ (ఇంజిన్‌ని కాపాడే కంప్యూటర్ ఏర్పాటు) పవర్ కోసేస్తున్నా మీకు వినపడదు. జీబ్రా మసల్స్ (చిన్న ఆల్చిప్పలు) ఉన్న సరస్సు అది, కింద నీళ్లు పీల్చే రంధ్రాలు ఒకసారి చూడండి.

తర్వాత థ్రాటిల్. చాలామంది వదిలేసేది ఇదే. ఈ ఇంజిన్‌కి థ్రాటిల్ కేబుల్‌తో నడుస్తుంది. సీటు దగ్గర లీవర్ చివరిదాకా వెళ్లినంత మాత్రాన ఇంజిన్ దగ్గర థ్రాటిల్ పూర్తిగా తెరుచుకున్నట్టు కాదు. ఇంజిన్ ఆపి, లాన్యార్డ్ తీసి, కౌలింగ్ (ఇంజిన్ మూత) ఎత్తండి. ఒకరు లీవర్‌ని మెల్లగా ఫార్వర్డ్‌లోకి తోయాలి, ఇంకొకరు ప్రాప్‌ని చేత్తో కొంచెం కొంచెం తిప్పుతూ ఉండాలి. తిప్పకపోతే గేరు పడక లింకేజి మీద బలం పడుతుంది. గేరు పడ్డాక లీవర్ చివరిదాకా తోసి, ఇంజిన్ పక్కన థ్రాటిల్ ఆర్మ్ ఫుల్ స్టాపర్‌కి తగిలిందో లేదో చూడండి. సందు కనిపిస్తే అక్కడే మీ హార్స్‌పవర్ పోతోంది.

పెట్రోలు. ఫుల్ థ్రాటిల్‌లో పోతున్నప్పుడు పక్కనున్న మనిషి ప్రైమర్ బల్బ్ పట్టుకుని చూడాలి. బల్బ్ నొక్కితే ఆర్‌పీఎం పెరుగుతుంటే సరఫరా చాలట్లేదు. బల్బ్ దానంతటదే చప్పిడిగా పీల్చుకుపోతే బల్బ్‌కీ ట్యాంకుకీ మధ్య ఎక్కడో అడ్డం ఉంది: ట్యాంకు మీద యాంటీ సైఫన్ వాల్వ్ (పెట్రోలు దానంతటదే కారకుండా ఆపేది), లోపలి పొర ఊడిన గొట్టం, లేదా ట్యాంకు వెంట్. టెక్సస్‌లో మట్టి కందిరీగలు వెంట్‌లో గూడు కట్టడం మామూలే. మెకానిక్ అయితే వాక్యూమ్ గేజ్ పెడతాడు, 2.5 అంగుళాల మెర్క్యురీ దాటకూడదు. ఇంట్లో చేసుకునే పరీక్ష ఇంకా తేలిక: 6 గ్యాలన్ల పోర్టబుల్ ట్యాంకులో కొత్త పెట్రోలు పోసి, 3/8 అంగుళం గొట్టంతో నేరుగా ఇంజిన్‌కే ఇచ్చి నడపండి. సన్న గొట్టం పెడితే పరీక్షే తప్పుతుంది. నంబరు మారకపోతే బోటు పెట్రోలు లైన్లు నిర్దోషి.

10 మైక్రాన్ వాటర్ సెపరేటర్ ఫిల్టర్‌లో ఉన్నది గాజు సీసాలో పోసి పది నిమిషాలు ఉంచండి. ఇక్కడి పంపుల్లో దొరికేది ఎక్కువగా పది శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలే. నీళ్లు చేరితే ఇథనాల్ నీటితో కలిసి అడుక్కి దిగుతుంది, సీసాలో గీత గీసినట్టు కనిపిస్తుంది.

ఇంకో కొలత. ఫుల్ థ్రాటిల్‌లో ఫ్యూయెల్ ఫ్లో ఎంత? స్థూలంగా హార్స్‌పవర్‌లో పదో వంతు గ్యాలన్లు గంటకు తాగాలి, అంటే 150కి 15 దరిదాపు. ఆర్‌పీఎం పడితే ఇదీ కొంత పడుతుంది. కానీ మరీ తక్కువ తాగుతుంటే ఇంజిన్‌కి గాలో పెట్రోలో అందట్లేదు. బాగానే తాగుతూ ఆర్‌పీఎం రాకపోతే బరువో, ప్రాపో, కంప్రెషనో.

కంప్రెషన్ టెస్ట్ చివర్లో. బ్యాటరీ ఫుల్ చార్జ్, లాన్యార్డ్ తీసి, నాలుగు ప్లగ్గులూ విప్పి, థ్రాటిల్ తెరిచి చూడాలి. అంకె ఎంతన్నది గేజ్‌ని బట్టి మారుతుంది, సిలిండర్ల మధ్య తేడా ముఖ్యం. 10-15 శాతం దాటితే ఆలోచించాలి. ఐడిల్ బాగుందన్నారు కాబట్టి అంత దూరం పోదనుకుంటున్నా.

లూయిస్‌విల్_గాలం

ఇద్దరికీ థాంక్స్. చెప్పిన వరసలోనే చూశాను.

కీ ఆన్‌లో హారన్ బీప్ అంటోంది. నీళ్ల రంధ్రాలు శుభ్రంగా ఉన్నాయి. ఫిష్‌ఫైండర్‌లో 4660, గేజ్‌లో 4650. స్టోరేజ్‌లో పాత అల్యూమినియం ప్రాప్ ఉంది, 19 పిచ్. అది వేస్తే 5000, స్పీడు 40. స్టెయిన్‌లెస్ రెక్కలకి కప్ మూడింటికీ ఒకేలా ఉంది. ప్రైమర్ బల్బ్ గట్టిగానే ఉంది, నొక్కినా తేడా లేదు. పోర్టబుల్ ట్యాంకుతోనూ అదే 4650. ఫిల్టర్‌లో నీళ్లు లేవు. ఫ్యూయెల్ ఫ్లో 10.5.

థ్రాటిల్ దగ్గర మాత్రం దొరికింది. లీవర్ చివరిదాకా తోసినా ఆర్మ్‌కీ స్టాపర్‌కీ మధ్య దాదాపు 6 మిల్లీమీటర్ల సందు. కాగితాల ఫైల్లో చూస్తే బోటు అమ్మే ముందు కంట్రోల్ కేబుళ్లు కొత్తవి వేయించిన బిల్లు ఉంది. దీన్ని సరిచేయడం ఎలా?

కౌలింగ్_తీసి_చూడు

10.5 అన్నప్పుడే అనుమానం వచ్చింది. కొత్త కేబుల్ వేసి, ఐడిల్ వైపు మాత్రమే చూసుకుని, ఫుల్ వైపు చూడకుండా వదిలేశారు.

ముందు షిఫ్ట్ కేబుల్ సరిగా ఉందో లేదో చూడండి. న్యూట్రల్ నుంచి లీవర్ కదిపితే మొదట కదలాల్సింది షిఫ్ట్ కేబుల్, తర్వాతే థ్రాటిల్‌ది. షిఫ్ట్ సరిగా లేకుండా థ్రాటిల్ ముట్టుకోవద్దు.

లీవర్ న్యూట్రల్‌లో పెట్టి థ్రాటిల్ కేబుల్ చివర ఆర్మ్ దగ్గర విప్పండి. కేబుల్ మీద మరలున్న చోట ఇత్తడి బారెల్ ఒకటి ఉంటుంది, అది చేత్తో తిరుగుతుంది. ఆర్మ్‌ని ఐడిల్ స్టాపర్‌కి ఆనించి పట్టుకుని, బారెల్‌ని దాని గూట్లో కూర్చునేదాకా తిప్పండి. ఐడిల్ స్టాపర్ సందులో సన్న కాగితం ముక్క పెట్టండి. కాగితం లాగితే కొంచెం పట్టి పట్టి రావాలి, చిరగకూడదు. ఊరికే జారి వస్తే కేబుల్ వదులు, చిరిగితే బిగువు ఎక్కువ. అది కుదిరాక లీవర్ ఫుల్‌కి తోసి మళ్లీ అవతలి స్టాపర్ చూడండి.

ఐడిల్ దగ్గర కాగితం సరిగ్గా వస్తూ ఫుల్ వైపు ఇంకా సందు ఉంటే బారెల్‌తో పని కాదు. కేబుల్ ఎక్కడో నలిగి ఉండాలి, లేదా కంట్రోల్ బాక్స్ లోపల కేబుల్ తప్పు రంధ్రంలో తగిలించి ఉండాలి. బలవంతంగా బారెల్ తిప్పి సందు మూయకండి. ఐడిల్‌లో ఆర్మ్ స్టాపర్‌కి ఆనకుండా ఉండిపోతే ఇంజిన్ ఎక్కువ ఐడిల్‌లో గేరు పడి డాగ్ క్లచ్ (గేరు కలిపే భాగం) పళ్లు అరుగుతాయి.

బిగించాక బారెల్ లాచ్, కేబుల్ చివరి లాక్ నట్టు వేయడం మర్చిపోవద్దు. స్టీరింగ్ రెండు వైపులా పూర్తిగా తిప్పి, ట్రిమ్ (ఇంజిన్ వంపు) పైకీ కిందకీ చేసి కేబుల్ ఎక్కడా లాగుకోవట్లేదని చూసుకోండి.

రాకీస్_ట్రౌట్

ఇది చదివే కొలరాడో వాళ్లకి ఒక మాట. ఇక్కడ అసలు ఏ తప్పూ లేకుండానే ఆర్‌పీఎం తక్కువ వస్తుంది. ప్రతి వెయ్యి అడుగుల ఎత్తుకి పవర్ సుమారు 3 శాతం పోతుంది. 5280 అడుగుల డెన్వర్ దగ్గర 150 ఇంజిన్ 125, 130 దగ్గరే పని చేస్తుంది. అక్కడ పిచ్ రెండు మూడు అంగుళాలు తగ్గించడమే సరైన మందు. లూయిస్‌విల్ సముద్ర మట్టానికి 522 అడుగులే కాబట్టి ఆయనకిది వర్తించదు. టెక్సస్‌లో బోటు కొని ఇటు తెచ్చుకునేవాళ్లు ప్రాప్ కూడా మార్చాలని లెక్కలో పెట్టుకోండి.

లూయిస్‌విల్_గాలం

బారెల్ కొన్ని చుట్లు తిప్పితే కుదిరింది. ఐడిల్ దగ్గర కాగితం పట్టి వస్తోంది, ఫుల్‌లో ఆర్మ్ స్టాపర్‌కి తగులుతోంది. 21 స్టెయిన్‌లెస్ మళ్లీ వేసి నడిపితే 5150, 45 మైళ్లు. రేంజ్‌లోకి వచ్చింది. పాత ఓనరు చెప్పిన దానికి ఇంకా 350 తక్కువ. ఇక్కడితో ఆపేయొచ్చా?

రెక్కల_లెక్క

ఆపొద్దు. 5150కి లెక్క ప్రకారం 53.3 రావాలి, వచ్చింది 45. స్లిప్ 15.6 శాతం. పవర్ పెరిగింది, స్లిప్ మాత్రం అక్కడే ఉంది. అంటే మిగిలిన 350 ఇంజిన్‌లో లేదు, బోటులో ఉంది. బరువు, ఇంజిన్ ఎత్తు, ట్రిమ్.

బరువు. నీళ్లు గ్యాలన్‌కి 8.34 పౌండ్లు. 30 గ్యాలన్ల లైవ్‌వెల్ (పట్టిన చేపల్ని బతికుంచే తొట్టి) నిండితే 250 పౌండ్లు, అది కూడా సరిగ్గా వెనక భాగంలో. టెక్సస్‌లో 2014 నుంచి సరస్సు నుంచి బయటికి వెళ్లేటప్పుడు బోటులో నీళ్లన్నీ తీసేయాలని రూలు ఉంది కాబట్టి లైవ్‌వెల్ అందరూ ఖాళీ చేస్తారు. బిల్జ్ (బోటు అడుగు) ప్లగ్ కూడా తీస్తారు. కానీ ర్యాంపు మీద రెండు నిమిషాలు కారిన నీళ్లు చూసి అయిపోయిందనుకుంటే కుదరదు. స్ట్రింగర్ల (అడుగున ఉండే దూలాల) మధ్య గదుల్లో ఉన్న నీళ్లు సన్నటి రంధ్రాల గుండా మెల్లగా వస్తాయి. ఇంట్లో ట్రైలర్ జాక్ వీలైనంత పైకి ఎత్తి, ప్లగ్ తీసి, రాత్రంతా వదిలేయండి. కింద బకెట్ పెట్టండి, ఎంత వచ్చిందో తెలుస్తుంది.

నీళ్లు రాకపోయినా బోటు బరువుగా ఉందనిపిస్తే, ట్రక్ స్టాప్ దగ్గర క్యాట్ స్కేల్ (లారీలు తూచే కాటా) మీద బోటు, ట్రైలర్ కలిపి తూయించండి. బ్రోషర్‌లోని బోటు బరువుకి ఇంజిన్ 455 పౌండ్లు, పెట్రోలు గ్యాలన్‌కి 6 పౌండ్ల పైచిలుకు, బ్యాటరీలు, ట్రోలింగ్ మోటార్, ట్రైలర్ కలపండి. స్కేల్ అంకె దీనికంటే మూడు నాలుగు వందలు ఎక్కువ ఉండి, సామాన్లతో లెక్క తేలకపోతే నేల కింది ఫోమ్ నీళ్లు తాగిందేమోనని అనుమానించాలి. అది పెద్ద పని, ఇప్పుడే భయపడొద్దు.

ఎత్తు. ఎక్కువ బోట్లలో ఇంజిన్ ఉండాల్సిన దానికంటే కిందకే బిగించి ఉంటుంది. బోటు లెవెల్‌లో పెట్టి, అడుగున ప్యాడ్‌కి ఆనించి ఒక తిన్నని పట్టీ వెనక్కి చాపండి. ప్రాప్ షాఫ్ట్ ప్యాడ్‌కి సమాంతరంగా ఉండేలా ట్రిమ్ పెట్టి, పట్టీ నుంచి షాఫ్ట్ మధ్య ఎంత కిందుందో కొలవండి. ప్యాడ్ ఉన్న బాస్ బోట్‌కి 3.5 నుంచి 4 అంగుళాలు మొదలుపెట్టడానికి మంచి చోటు. 5 దాటితే గేర్‌కేస్ అనవసరంగా నీటిలో ఈడ్చుకుపోతోంది. మౌంటింగ్ రంధ్రాలు ముప్పావు అంగుళం దూరంలో ఉంటాయి, ఒక్కో రంధ్రం ఎత్తి చూసుకోవాలి. 455 పౌండ్ల ఇంజిన్‌ని ట్రైలర్ జాక్ మీదా దిమ్మల మీదా ఎత్తే ప్రయత్నం చేయకండి, హాయిస్ట్ ఉన్నచోటే చేయించండి. బోల్టులకి మెరైన్ సీలెంట్ రాయాలి, లేకపోతే ట్రాన్సమ్‌లోకి నీళ్లు దిగుతాయి. ఎత్తిన ప్రతిసారీ వాటర్ ప్రెషర్ గేజ్ చూడండి. ఫుల్‌లో ప్రెషర్ పడిపోవడం మొదలైనా, మలుపులో ప్రాప్ గాలి పీల్చి ఆర్‌పీఎం ఎగిరినా ఒక రంధ్రం దించేయాలి.

ట్రిమ్. కింద దాకా దించి బయల్దేరండి, ప్లేనింగ్‌లోకి రాగానే కొద్దికొద్దిగా పైకి నొక్కండి. ఆర్‌పీఎం, స్పీడు రెండూ పెరుగుతూ ఉంటాయి. ముక్కు ఎగరడం మొదలైనా, బోటు అటూ ఇటూ ఊగుతున్నా ఒక నొక్కు దించండి. ఆర్‌పీఎం పెరిగి స్పీడు పెరగకపోతే కూడా దాటిపోయినట్టే. కొత్తగా నడిపేవాళ్లు భయంతో సగంలో ఆపేస్తారు, స్లిప్‌లో మూడు నాలుగు శాతం అక్కడే ఉంటుంది.

ఈ మూడూ ఒకే రోజు మార్చకండి. ఒకటి మార్చి, అదే పెట్రోలు, అదే మనుషులతో, ఒకే దారిలో రెండు వైపులా నడిపి సగటు రాసుకోండి. లేకపోతే ఏది పని చేసిందో తెలియదు.

హ్యూస్టన్_హుక్

సరే, ఈ కేసులో 18 పిచ్ మాట వెనక్కి తీసుకుంటున్నా. ఒకటి కలుపుతా: ఫిష్‌ఫైండర్ ట్రాన్స్‌డ్యూసర్ (నీటిలో ఉండే సెన్సార్) ఎక్కడుంది? ప్రాప్‌కి సరిగ్గా ముందు, ట్రాన్సమ్ కింద అంచున బిగిస్తే దాని వెనక బుడగలు లేచి నేరుగా రెక్కల్లోకి వెళ్తాయి. ఇంజిన్ ఎత్తాక ఇది ఇంకా ఎక్కువ కనిపిస్తుంది. బోటు అడుగున నాచు జిడ్డు ఉన్నా రెండు మూడు మైళ్లు పోతాయి, వేలితో గీకి చూడు.

లూయిస్‌విల్_గాలం

ఒక్కొక్కటే చేశాను. ట్రైలర్ ముక్కు ఎత్తి వదిలేస్తే రాత్రంతా కారి, తెల్లారేసరికి 5 గ్యాలన్ల బకెట్లు నాలుగు నిండి ఐదోది సగంలో ఉంది. బిల్జ్ పంపు బాగానే ఉంది, నీళ్లు దాని దగ్గరికే రావట్లేదు. ముందు గదినీ పంపు గదినీ కలిపే రంధ్రంలో ఎండిన సిలికాన్, ఆకుల ముద్ద అడ్డం ఉన్నాయి, తీసేశాను. అప్పుడు 5230, 46.5.

షాఫ్ట్ ప్యాడ్ కింద 5.25 అంగుళాలు ఉంది. రెండు రంధ్రాలు ఎత్తించాను, ఇప్పుడు 3.75. ప్రెషర్ పడలేదు, మలుపుల్లో పట్టు బాగుంది. ట్రిమ్ ఇంకొంచెం ధైర్యంగా నొక్కితే 5400, 49.6. లెక్క వేస్తే స్లిప్ 11.3 వచ్చింది. ట్రాన్స్‌డ్యూసర్ ప్రాప్‌కి పక్కగానే ఉంది, దాన్ని ముట్టుకోలేదు.

చివరి ప్రశ్న: లైవ్‌వెల్ నింపి, ముగ్గురు ఎక్కితే ఎలా ఉంటుంది? నాలుగు రెక్కల ప్రాప్ బాస్ బోట్లకి మంచిదంటున్నారు, ఇప్పుడు కొనడం అవసరమా?

రెక్కల_లెక్క

5000-5800 రేంజ్‌లో 5400 అంటే సరిగ్గా మధ్యలో ఉన్నారు. లైవ్‌వెల్ నింపి మూడో మనిషి ఎక్కితే 5200 దగ్గరికి రావచ్చు, ఆగస్టు ఎండలో ఇంకో 100, 150 పోతుంది. అప్పుడు కూడా 5000 దాటుతుంటే 21 ఉంచేయండి. ఎక్కువసార్లు ముగ్గురితో, నిండు లైవ్‌వెల్‌తోనే తిరుగుతారంటే 20 గానీ 19 గానీ మేలు. 19కి మీ పాత అల్యూమినియంది స్పేర్‌గా బోటులోనే పెట్టుకోండి, దానితోపాటు ఒక నట్టు, ట్యాబ్ వాషర్, రెంచ్. చెట్టు మొద్దులు నీటి కింద మిగిలిన లేక్ ఫోర్క్ లాంటి సరస్సుకి వెళ్తే అది ఇంటికి చేర్చే ప్రాప్.

నాలుగు రెక్కలది ప్లేనింగ్‌లోకి తొందరగా తెస్తుంది, అలల్లో వెనక భాగాన్ని ఎత్తి పట్టుకుంటుంది, మలుపుల్లో జారదు. బదులుగా టాప్ స్పీడు ఒకటి రెండు మైళ్లు పోతుంది, అదే పిచ్‌లో వేస్తే ఆర్‌పీఎం కూడా 50 నుంచి 150 పడుతుంది. కాబట్టి నాలుగు రెక్కల్లో 21 అడగొద్దు, 20 లేదా 19 అడగండి. డీలర్ దగ్గర అరువు ప్రాప్ ఇచ్చి చూడనిస్తే చూసే కొనండి. ముక్కు ఎక్కువసేపు ఎత్తుకునే సమస్య 200 పౌండ్ల నీళ్లు పోయాక ఎలాగూ తగ్గి ఉంటుంది. అది ఇంకా బాధపెడితే తప్ప ఇప్పుడు ప్రాప్ కొనడం వృథా.

కౌలింగ్_తీసి_చూడు

ప్రాప్ మార్చి మార్చి వేశారు కాబట్టి ఒకసారి సరిగ్గా బిగించండి. షాఫ్ట్ స్ప్లైన్లు (గాడులు) తుడిచి మెరైన్ గ్రీజ్ రాయండి, రాయకపోతే వచ్చే ఏడాది సుత్తి పట్టుకోవాలి. థ్రస్ట్ వాషర్ సరైన వైపు తిప్పి ముందు వేయాలి, అది మర్చిపోతే ప్రాప్ వెళ్లి గేర్‌కేస్‌కి రాసుకుంటుంది. నట్టు 55 ఫుట్-పౌండ్లు, టార్క్ రెంచ్‌తోనే. ఆ టార్క్‌లో ట్యాబ్‌లు గాడులకి ఎదురు రాకపోతే ఇంకొంచెం బిగించి కుదుర్చుకోవాలి, వదులు చేసి కాదు. ట్యాబ్‌లు వంచండి. హబ్ మీదా ప్రాప్ గొట్టం మీదా కలిపి పర్మనెంట్ మార్కర్‌తో ఒక గీత గీయండి. ఎప్పుడైనా ఆర్‌పీఎం పెరిగి స్పీడు పడిపోయినప్పుడు ఆ గీత రెండు ముక్కలై కనిపిస్తే హబ్ జారిందని వెంటనే తెలుస్తుంది. మొదటిసారి ఫుల్‌లో నడిపి వచ్చాక నట్టు టార్క్ మళ్లీ చూడండి.